నా వరుసలో ఒక టిక్కు ఎక్కువ

అక్టోబర్ 21, 2025, మంగళవారం

దీపావళి మర్నాడు. కంపెనీ సెక్రటరీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆడిట్ కమిటీ నవంబర్ 12న, అదే సాయంత్రం బోర్డు. సెప్టెంబర్ త్రైమాసికం ఫలితాలు 14లోపు స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరాలి, 45 రోజుల గడువు. అంటే ఉదయం మేం ఏదైనా తప్పు పట్టుకుంటే దిద్దుకోవడానికి మధ్యలో ఉన్నది భోజన విరామం.

మెయిల్‌కి పోయిన ఏడాది వార్షిక నివేదిక జతచేశారు, మా వివరాల్లో మార్పులుంటే చెప్పమని. అందులో డైరెక్టర్ల నైపుణ్యాల పట్టిక ఒకటి ఉంటుంది. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అడుగుతుంది కాబట్టి వేస్తారు. అడ్డంగా విద్యలు, నిలువుగా మనుషులు. ఫైనాన్స్, టెక్నాలజీ, మార్కెటింగ్, గవర్నెన్స్. చివరి గడి 'డైవర్సిటీ'. ఆ గడిలో టిక్కు నా పేరుకు ఒక్కదానికే ఉంది. మిగతావాళ్లు ఏదో ఒకటి చదివి, ఏదో ఒకటి చేసి టిక్కు సంపాదించారు. నేను పుట్టి సంపాదించాను.

అక్టోబర్ 23, గురువారం

చట్టం ఏమంటుందో ఒకచోట రాసిపెట్టుకుంటున్నాను. మొన్న పెళ్లిలో ఒకాయన "ఆడవాళ్లు ఉండాలని రూలు పెట్టారు కాబట్టే కదండీ మీరు" అన్నాడు. సగం నిజం కాబట్టి వెంటనే జవాబు రాలేదు.

2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం లిస్టయిన కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. 177వ సెక్షన్ ప్రకారం ఆడిట్ కమిటీలో కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లలో ఎక్కువమంది స్వతంత్ర డైరెక్టర్లు కావాలి. సెబీ దాన్ని ఇంకాస్త బిగించింది. మూడింట రెండు వంతులు స్వతంత్రులు, అందరికీ బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి, ఒక్కరికైనా అకౌంటింగ్‌లో లోతు ఉండాలి, ఏడాదికి నాలుగుసార్లయినా కూర్చోవాలి. మహిళ ఉండాలన్నది బోర్డుకే. ఆడిట్ కమిటీలో ఉండి తీరాలని ఎక్కడా లేదు. లెక్కలు అడిగే గదికి ఆ రూలు రాలేదు.

బోర్డులో మహిళ కోసం మొదట్లో సెబీ పెట్టిన గడువు 2014 అక్టోబర్ 1. దాన్ని 2015 ఏప్రిల్ 1కి జరిపారు. ఆ చివరి వారాల్లో దేశంలో ఎంతమంది ప్రమోటర్ల భార్యలు, కూతుళ్లు, కోడళ్లు డైరెక్టర్లయ్యారో పేపర్లు రాసుకున్నాయి. అందుకే 2017లో ఉదయ్ కోటక్ కమిటీ 'స్వతంత్ర' అన్న మాట చేర్చమంది. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు 2019 నుంచి, మొదటి 1000కి 2020 నుంచి అది అమలైంది. మా కంపెనీ ఆ వెయ్యి దరిదాపుల్లో లేదు. ఇక్కడ మహిళా డైరెక్టరు నిన్నమొన్నటిదాకా ఛైర్మన్ గారి భార్య. ఆవిడ మోకాళ్లు పనిచేయనని మొరాయిస్తే నన్ను పిలిచారు.

పిలిచాక ఆడిట్ కమిటీలో వెయ్యమని అడిగింది మాత్రం నేనే.

అక్టోబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం. దీపం పెట్టేదాకా కాఫీ తప్ప ఏమీ లేదు. పగలంతా కాగితాలతో గడిచింది.

చెల్లెలి కూతురు ఉస్మానియాలో ఎం.కాం. చేస్తోంది. ప్రాజెక్టు కోసం తీసుకున్న అంశం: ఆడిట్ కమిటీలో వైవిధ్యం ఉంటే కంపెనీ లెక్కలు మెరుగ్గా ఉంటాయా? ఫోన్లో, "పెద్దమ్మా, సత్యం కంప్యూటర్స్ సంగతి ఒక పేరా రాసి పెట్టవా" అంది. హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తినవాళ్లు ఎవరైనా చివరికి అక్కడికే చేరతారు. చేరినవాళ్లు ఆ కంపెనీ ప్రమోటర్లు రాజు సోదరుల దగ్గర ఆగిపోతారు, కమిటీ దాకా వెళ్లరు.

2008 చివర్లో ఆ బోర్డులో ఎవరెవరున్నారు? ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం. రామ్మోహనరావు, ఆడిట్ కమిటీకి అధ్యక్షులు. భారత ప్రభుత్వ క్యాబినెట్ సెక్రటరీగా చేసిన టి.ఆర్. ప్రసాద్. ఐఐటీ ఢిల్లీ డైరెక్టరుగా చేసిన వి.ఎస్. రాజు. పెంటియం చిప్ పేరు చెబితే గుర్తొచ్చే వినోద్ ధామ్. హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, ఆర్థిక పట్టికలు ఎలా విప్పి చదవాలో పాఠ్యపుస్తకం రాసినవాళ్లలో ఒకరు. కంపెనీ నుంచి కన్సల్టింగ్ రుసుము తీసుకున్నందువల్ల ఆయన స్వతంత్రుల లెక్కలోకి రాలేదు. ఇక మంగళం శ్రీనివాసన్. ఆవిడ 1991 నుంచీ డైరెక్టరు. చట్టం అడగడానికి ఇరవై రెండేళ్ల ముందే ఆ బోర్డులో మహిళ ఉంది.

ఈ రోజుల పట్టిక వేస్తే అన్ని గడుల్లోనూ టిక్కులు పడేవి. విద్యాసంస్థ, ప్రభుత్వం, టెక్నాలజీ, విదేశం, మహిళ. ఆ సంవత్సరమే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

2008 డిసెంబర్ 16న ఈ బోర్డు ముందుకు వచ్చింది ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల కొనుగోలు. మొత్తం 160 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములు, రోడ్ల కాంట్రాక్టులు ఎందుకని ఎవరికైనా రావాల్సిన ప్రశ్నే. ఒప్పుకున్నారు. ఇన్వెస్టర్లు మండిపడితే కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక డైరెక్టరుకి పేరు తెలియని మనిషి ఈమెయిల్ పంపాడు, కంపెనీ దగ్గర చెప్పుకుంటున్నంత డబ్బు లేదని. అది ఆడిట్ కమిటీ అధ్యక్షుల దాకా, ఆడిటర్ల దాకా వెళ్లింది.

అందరికంటే ముందు రాజీనామా చేసింది మంగళం శ్రీనివాసన్, క్రిస్మస్ నాడు. సందేహాలు వెలిబుచ్చినా వ్యతిరేక ఓటు వేయలేదని, అందుకు నైతిక బాధ్యత తనదేనని రాశారు.

నాకు ఈ కథంతటిలో బల్ల మీద చెయ్యిపెట్టి ఆపేది ఈ ముక్కే. సందేహం వచ్చింది, నోరు విప్పారు, ఓటు మాత్రం వేయలేదు. ఆవిడను తప్పుపట్టేంత దాన్ని కాను. మిగతావాళ్లలో ఎంతమంది అంతమాత్రమైనా రాశారు?  2015 ఏప్రిల్ 9న ఇక్కడి సీబీఐ కోర్టు శిక్ష వేసిన పదిమందిలో స్వతంత్ర డైరెక్టర్లెవరూ లేరు. అది కూడా పిల్ల పేరాలో ఉండాలి.

అక్టోబర్ 28, మంగళవారం

అంకెలు. మోసం ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రాసిన 2009 జనవరి 7 నాటి లేఖలోవి, పిల్ల కోసం.

పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో లేనివి 5,040 కోట్లు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్టు. చూపని అప్పు 1,230 కోట్లు. రావలసిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవి. ఆ సెప్టెంబర్ త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, నిజంగా వచ్చింది 61. ఆ రోజు షేరు దాదాపు 78 శాతం పడింది.

ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసినదానిగా మొదటి అంకె దగ్గరే ఆగిపోతాను. బాకీ వసూలవుతుందా లేదా అన్నది ఒక అంచనా. గోడౌన్లో సరుకు విలువ ఎంత అన్నది ఒక అభిప్రాయం. బ్యాంకు నిల్వలో అంచనా లేదు, అభిప్రాయం లేదు. కంపెనీ లెక్కలన్నిట్లో తేలిగ్గా సరిచూడగలిగింది అదే. ఆడిటర్ నేరుగా బ్యాంకుకు రాయాలి, బ్యాంకు నేరుగా ఆడిటర్‌కు జవాబివ్వాలి, మధ్యలో కంపెనీ చెయ్యి పడకూడదు. నేను బ్రాంచిలో ఉన్న రోజుల్లో మార్చి దాటాక ఇలాంటి ఉత్తరాలు కట్టలుగా వచ్చేవి. సంతకం పెట్టే ముందు లెడ్జరు తీయించి చూసేదాన్ని.

అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో, సత్యం లెక్కలు ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ఎత్తి చూపింది ఇదే. ఆ ఉత్తరాల పని కంపెనీ యాజమాన్యం చేతికి వదిలేశారని.

కమిటీ సభ్యులు ఆడిటర్‌ను నమ్మారు. ఆడిటర్ కంపెనీ తెచ్చిన కాగితాన్ని నమ్మాడు. డీన్ అయినా, క్యాబినెట్ సెక్రటరీ అయినా చదివింది ఒకే టేబుల్ మీంచి వచ్చిన ఫైలు. ఆ టేబుల్ ప్రమోటరుది. ఎంత రకరకాల మనుషులను కూర్చోబెట్టినా అందరికీ పెట్టే ఫైలు ఒకటే అయినప్పుడు లెక్కకు ఒక్క మనిషే.

అక్టోబర్ 30, గురువారం

పక్కింటి కల్నల్ గారు గోడ మీంచి పలకరించారు. సైనిక్‌పురిలో గోడలు ఇంకా మాట్లాడుకునేంత పొట్టివే, కాలనీ లోపలి వీధుల్లోనైనా. ఏం చదువుతున్నారంటే చెప్పాను.

"మా రెజిమెంటల్ ఫండ్ లెక్కలు మూడు నెలలకోసారి ఆఫీసర్ల బోర్డు చూసేదమ్మా. క్యాంటీన్ స్టాకు లెక్కపెట్టడానికి నేను కావాలని కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌ని పంపేవాణ్ణి."

"ఎందుకండీ, నేర్చుకుంటాడనా?"

"వాడికి సుబేదార్ సాబ్ అంటే ఇంకా మొహమాటం పుట్టలేదు కాబట్టి."

నవంబర్ 1, శనివారం

పిల్ల కోసం ఇంకో పేరా. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్.

2001లో కూలిపోయేనాటికి ఆ ఆడిట్ కమిటీ అధ్యక్షుడు రాబర్ట్ జేడికీ, స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ మాజీ డీన్, వృత్తిరీత్యా అకౌంటింగ్ ప్రొఫెసర్. సభ్యుల్లో వెండీ గ్రామ్, అమెరికా కమోడిటీ ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థకు అధ్యక్షురాలిగా చేసినావిడ. బ్రిటన్ మాజీ మంత్రి జాన్ వేక్‌హామ్. హాంకాంగ్ వ్యాపారి రానీ చాన్. బ్రెజిల్ బ్యాంకరు ఒకరు. హ్యూస్టన్ క్యాన్సర్ ఆస్పత్రి అధిపతి జాన్ మెండెల్‌సన్. నాలుగు ఖండాలు, ఒక మహిళ, ఒక డాక్టరు, ఒక అకౌంటింగ్ పండితుడు.

అక్కడా డీన్, ఇక్కడా డీన్. దీన్నుంచి పిల్ల ఏమీ తేల్చకుండా ఉంటే బాగుండు. డీన్ల మీద కోపం తెచ్చుకునేలా ఉంది.

నవంబర్ 2, ఆదివారం

పిల్ల వచ్చింది, తార్నాకలో ఎక్కి ఈసీఐఎల్ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. ల్యాప్‌టాప్ నిండా అంకెలే. ఒక వరుసలో ఒక కంపెనీ, ఒక గడిలో కమిటీలో మహిళల శాతం, చివరి గడిలో 'లెక్కల నాణ్యత'.

"నాణ్యత ఎలా కొలుస్తున్నావే?"

"చేతికి రాని లాభం చూస్తాం పెద్దమ్మా. పుస్తకంలో లాభానికీ, నిజంగా వచ్చిన నగదుకూ తేడా. కంపెనీ పెరుగుదలను బట్టి ఉండాల్సినంత తేడా తీసేస్తే మిగిలేది యాజమాన్యం సర్దిన లెక్క అనుకుంటాం. అది ఎంత తక్కువైతే నాణ్యత అంత ఎక్కువ."

"మరి సత్యం వేసి చూశావా?"

వేసి చూడలేదు. నేను చెప్పాను, అక్కడ దొంగ లాభానికి సరిపడా దొంగ నగదు కూడా రాశారు. లాభమూ నగదూ చక్కగా జోడుగా నడిచాయి. నీ కొలబద్ద పెడితే ఆ కంపెనీ పరిశుభ్రంగా కనిపించే అవకాశమే ఎక్కువ. పిల్ల మొహం వాడిపోయింది. సర్దిన లెక్కను పట్టే పరికరం అచ్చంగా కల్పించిన లెక్కను పట్టదు, అది వేరే రోగం, అలాగే రాయి అన్నాను. మళ్లీ వెలిగింది.

తను పోగుచేసిన పరిశోధనలు చూపించింది. అమెరికా కంపెనీల మీద ఆబట్, పార్కర్, ప్రెస్లీ 2012లో చేసినదాని ప్రకారం బోర్డులో ఒక్క మహిళైనా ఉన్నచోట ప్రకటించిన లెక్కలు వెనక్కి తీసుకుని దిద్దుకోవడం తక్కువ. శ్రీనిధి, గుల్, సూయి 2011లో చెప్పింది కూడా ఆ దిక్కే, మహిళలున్నచోట లాభాల అంకె నాణ్యత మెరుగని. అదే ఏడాది సన్, లియు, లాన్ స్వతంత్ర ఆడిట్ కమిటీల్లో మహిళల వాటా చూస్తే లెక్కలు సర్దడానికీ దానికీ ఏ సంబంధమూ కనిపించలేదు.

"ఏది నిజం పెద్దమ్మా?"

మంచి కంపెనీలే ముందుగా మహిళలను పిలుస్తాయేమో, అప్పుడు లెక్కలు బాగుండటానికి కారణం మహిళల రాక కాదు, పిలిచినవాళ్ల బుద్ధి. దాన్ని విడదీయకుండా ఏదీ నిజమనలేం. ఇది తనకూ తెలుసు, గైడ్ కూడా అన్నాడట.

నాకు ఆ కట్టలో నచ్చింది వేరే కాగితం. బడొలాటో, డోనెల్సన్, ఈగె, 2014. కమిటీలో ఆర్థిక నిపుణులు ఉంటే చాలదట, యాజమాన్యం ముందు ఆ సభ్యులకు హోదా కూడా ఉండాలట. నైపుణ్యం ఉండి హోదా లేని కమిటీ ఉన్నచోట లెక్కలు సర్దడం తగ్గలేదు. పరీక్ష రాసి స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకున్న నాలాంటి వాళ్లను లెక్కలోకి తీసుకోవాలంటే ఏం కావాలో ఆ కాగితం కొంచెం చెప్పింది. సత్యంలో హోదాకు కొదవ లేదు కదా అని పిల్ల అడిగింది. నిజమే. అయితే ఆ హోదా ఇంకోచోట సంపాదించినది. ప్రమోటర్ పిలిచి కుర్చీ వేశాక ఇక్కడ అది అతిథి మర్యాద అవుతుంది.

పులిహోర డబ్బాలో పెట్టి పంపించాను.

నవంబర్ 3, సోమవారం

నిన్న చెప్పడం మరిచిపోయాను, ఇప్పుడు వాట్సాప్ చేశాను. 2009 జనవరిలో ప్రభుత్వం సత్యం పాత బోర్డును తీసేసి వేసిన కొత్త బోర్డు: దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్, తరుణ్ దాస్, ఎస్.బి. మైనక్, టి.ఎన్. మనోహరన్. ఆరుగురూ మగవాళ్లే. గృహరుణాలు, సాఫ్ట్‌వేర్ సంఘం, సెక్యూరిటీల చట్టం, పరిశ్రమల సమాఖ్య, ఎల్ఐసీ, చార్టర్డ్ అకౌంటెన్సీ. ఆరుగురివీ ఆరు వృత్తులు, ఒక్కరినీ పిలిచింది ప్రమోటరు కాదు. ఏప్రిల్ మధ్యకల్లా కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది, వేలమంది జీతాలు ఆగలేదు.

ఆడవాళ్లు ఉండక్కర్లేదని చెప్పడానికి కాదే, అని కూడా రాశాను. ఆ ఆరుగురిలో ఇద్దరు ఆడవాళ్లయినా ఆ పని అంతే బాగా జరిగేది. పిలవాలని ఎవరికీ తోచలేదు, అదీ ఒక లెక్కే.

నవంబర్ 6, గురువారం

నిన్న పౌర్ణమి. ఈ ఉదయం నాచారం వెళ్లాను. కంపెనీ ఫ్యాక్టరీ అక్కడే, పారిశ్రామికవాడ లోపలి రోడ్డులో. మందుల కంపెనీలకు ప్లాస్టిక్ సీసాలు, మూతలు చేస్తారు. స్వతంత్ర డైరెక్టరు ఫ్యాక్టరీకి వస్తే టీ, బిస్కెట్లు, ఒక చుట్టు తిప్పడం, ఒక ఫొటో. ఫొటో అయ్యాక గోడౌన్ చూస్తానన్నాను.

నాచారం గోడౌన్లు నాకు కొత్తవి కావు. అప్పులిచ్చే సీట్లో ఉన్నప్పుడు ఇక్కడా మల్లాపూర్‌లోనూ నెలనెలా తిరిగాను. పార్టీ స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాడు, దాంట్లో మార్జిన్ తీసేసి డ్రాయింగ్ పవర్, అంటే పార్టీ ఎంత అప్పు వాడుకోవచ్చో, లెక్క కడతాం. కాగితం మీద ఉన్న బస్తాలు నేల మీద ఉన్నాయా అని చూడటం మా పని. గుట్ట చుట్టూ నడవడం కాదు, గుట్ట పైకి ఎక్కి చూడమని మా పాత మేనేజర్ చెప్పేవారు, మధ్యలో బోలుగా పేర్చే ఘనులు ఉండేవారు. చీర కట్టుకుని నిచ్చెన ఎక్కే బ్యాంకు మేడమ్‌ను చూడటానికి హమాలీలు పని ఆపేవాళ్లు. పార్టీలకు నా మీద కోపం ఉండేది. బయటివాళ్లు దాన్ని ఆడవాళ్ల జాగ్రత్త అనేవాళ్లు. జాగ్రత్త కాదు, సస్పెన్షన్ భయం.

ఈ రోజు గోడౌన్ వెనకవైపు ప్యాలెట్లు చాలా ఉన్నాయి, ప్లాస్టిక్ చుట్టి, ఒకే కస్టమర్ పేరుతో చీటీలు అంటించి. చీటీల మీద ఇన్వాయిస్ నంబర్లు. తేదీ సెప్టెంబర్ 29.

ఇన్‌చార్జిని అడిగాను, ఇవి అమ్మేసినవా? "అమ్మేసినవే మేడమ్. పార్టీ తర్వాత తీసుకెళ్తామన్నారు, దసరా కదా." గేటు రిజిస్టరు తెప్పించాను. బయటికి వెళ్లినట్టు లేదు, వెళ్లలేదు కాబట్టి. ఇన్వాయిస్ ఉంది, ఈ-వే బిల్లు లేదు, లారీ కదిలితేనే కదా అది పుట్టేది.

ఇది మోసం అని నేను అనుకోలేదు. బిల్లు వేసి సరుకు మన దగ్గరే ఉంచే వ్యాపారం ఉంది, అకౌంటింగ్ ప్రమాణంలో దానికి షరతులూ ఉన్నాయి. ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఈసారి నన్ను తీయడానికి ఎవరూ రాలేదు.

నవంబర్ 9, ఆదివారం

సాయంత్రం ఏ.ఎస్. రావు నగర్ దాకా నడక. మెయిన్ రోడ్డు మీది బంగళాల్లో సగం కేఫులయ్యాయి. ఒక బ్రిగేడియర్ గారి ముందుగదిలో ఇప్పుడు పిజ్జా కాలుస్తున్నారు. గేటు పక్కన ఇత్తడి నేమ్‌ప్లేటు మాత్రం తీయలేదు.

12 నాటి ఫైలు నిన్న వచ్చింది. ప్యాలెట్ల ప్రస్తావన ఎక్కడా లేదు. 'అమ్మకాలు గత సంవత్సరం ఇదే త్రైమాసికం కంటే ఆశాజనకం' అని ఉంది.

నవంబర్ 12, బుధవారం

కమిటీలో నలుగురం. అధ్యక్షులు చార్టర్డ్ అకౌంటెంట్, పెద్దాయన, మితభాషి. ఒకరు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్. ఇంకొకరు మందుల కంపెనీలో కొనుగోళ్ల విభాగం నడిపినాయన, అంటే ఒకప్పుడు మాలాంటి సీసాల కంపెనీల దగ్గర బేరమాడినాయన. నాలుగోదాన్ని నేను. కుటుంబం తరఫున ఎవరూ సభ్యులు కారు, కానీ ఎండీ గారు ఆహ్వానితులుగా ఎప్పుడూ కూర్చుంటారు. ఎండీ గారు ఉన్నంతసేపు సీఎఫ్‌వో ఆయన వైపు చూసే జవాబు చెబుతాడు.

నేను నోరు తెరవకముందే ప్రొఫెసర్ గారు కరెంటు బిల్లు అడిగారు. అమ్మకాలు అంత పెరిగితే యూనిట్లు ఎందుకు పెరగలేదు, సీసా పోసే మెషీన్లు గాలితో నడవవు కదా అని. గదిలో అందరం తలెత్తాం. జవాబు చప్పగా తేలింది. జులైలో కప్పు మీద సోలార్ పలకలు వేశారట, అందుకని బిల్లు తగ్గింది. ఆయన సంతృప్తిగా వెనక్కి వాలారు. అయితే ఆ జవాబు రుజువు చెయ్యడానికి సీఎఫ్‌వో నెలవారీ ఉత్పత్తి, స్టాకు పట్టిక తెర మీద వేశాడు. ఫైల్లో లేని పట్టిక అది. దాంట్లో సెప్టెంబర్ చివర 'అమ్మినది, పంపనిది' అని ఒక గడి ఉంది.

అప్పుడు నేను ఫొటో చూపించాను.

కొనుగోళ్లాయన చీటీ మీద పేరు చదివి, "వీళ్లు దసరాకి ముందు సరుకు ఎత్తిపెట్టుకునేవాళ్లు కారండీ, డిసెంబర్‌లో రేటు మాట్లాడుకుని జనవరికి కొంటారు. ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన పార్టీ" అన్నారు. కస్టమరే సరుకు ఉంచమని అడిగినట్టు ఉత్తరం ఉందా అని అధ్యక్షులు అడిగారు. ఉంది. తేదీ అక్టోబర్ 8.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇండ్ ఏఎస్ 115 అన్నారు. కస్టమరు తన అవసరం కోసం అడిగి ఉండాలి, సరుకు విడిగా గుర్తించి ఉండాలి, పంపడానికి సిద్ధంగా ఉండాలి, ఇంకొకరికి ఇవ్వడానికి వీలుండకూడదు. మూడు ఉన్నాయి. మొదటిది సెప్టెంబర్ 30 నాటికి లేదు.

"మేడమ్, మూడు వారాల్లో వెళ్లిపోయే సరుకే కదా" అన్నారు ఎండీ గారు, నాతో. అడిగింది అధ్యక్షులు, ఆయన నాతోనే అన్నారు. అందరికంటే సులువుగా ఒప్పించగలిగే మనిషిని అనుకున్నారో, అందరికంటే కష్టమైన మనిషిని అనుకున్నారో తెలియలేదు.

వెళ్లిపోయాక రాసుకుందాం సార్, డిసెంబర్ త్రైమాసికంలో, అన్నాను.

ఆ తర్వాత అధ్యక్షులు చేసిన పని నాకు నచ్చింది. ఆడిటర్లతో కమిటీ విడిగా మాట్లాడాలని చెప్పి యాజమాన్యాన్ని బయటికి పంపారు. తలుపు మూసుకున్నాక ఆడిట్ సంస్థ నుంచి వచ్చిన చిన్నమ్మాయి, మాటకు ముందు తన పార్ట్‌నర్ వైపు ఒకసారి చూసి, ఆ ఉత్తరం తేదీ తనూ గమనించానని, పని కాగితాల్లో రాశానని చెప్పింది. పార్ట్‌నర్ ఏమీ అనలేదు. ఆ అమ్మాయి రాసినది ఫైలు దాకా ఎందుకు రాలేదో మేం అడిగాం. జవాబు పొడుగ్గా ఉంది, అర్థమైంది తక్కువ.

బోర్డును మర్నాటికి జరిపారు. అమ్మకాల్లోంచి ఆ ఇన్వాయిస్‌లు తీసేశారు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నలుగురిలో ఏ ఒక్కరం ఒంటరిగా దీన్ని తేల్చగలిగేవాళ్లం కాదు. ప్యాలెట్లు చూసినదాన్ని నేనే, కానీ ఆ పార్టీ అలవాటు నాకు తెలియదు. కొనుగోళ్లాయనకు పార్టీ తెలుసు, గోడౌన్ చూడలేదు. ప్రొఫెసర్ గారి ప్రశ్న తప్పు దారి, ఆ దారిలోనే పట్టిక దొరికింది. ముగ్గురం అడిగినదానికి ప్రమాణంలో పేరా చెప్పగలిగింది నాలుగో మనిషి. నలుగురం చార్టర్డ్ అకౌంటెంట్లమైతే ఉత్తరం చదివి తేదీ గమనించేవాళ్లమేమో. ఉత్తరం అడగాలని ఎవరికి తోచేది?

నవంబర్ 14, శుక్రవారం

ఫలితాలు నిన్న సాయంత్రం వెళ్లాయి. 'ఆశాజనకం' తీసేశారు. షేరు రెండు రూపాయలు తగ్గి, మధ్యాహ్నానికి రూపాయి పెరిగింది. పిల్లకు ఇదంతా చెబితే, "పెద్దమ్మా, దీన్ని ఏ గడిలో వెయ్యను?" అంది. వెయ్యలేవు. మా కంపెనీ ప్రకటించిన లెక్కలు ఈ త్రైమాసికంలో దిద్దుకోలేదు, ఎందుకంటే తప్పు బయటికి వెళ్లలేదు. బయటికి వెళ్లని తప్పు ఎవరి డేటాలోనూ ఉండదు. మంచి కమిటీల పని సగం ఇలా లెక్కకు రాకుండానే పోతుందేమో, ఆ పరిశోధనలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇదీ ఒక కారణమేమో. ఈ రెండో 'ఏమో' తన గైడ్‌ని అడగమన్నాను.

నవంబర్ 21, శుక్రవారం

మినిట్స్ చిత్తుప్రతి వచ్చింది. పదిహేను రోజుల్లో పంపాలి, మేం ఏడు రోజుల్లో చెప్పాలి. నాలుగో అంశం: 'ఆదాయ గుర్తింపు విధానాన్ని కమిటీ సమీక్షించి, యాజమాన్యం ఇచ్చిన వివరణ పట్ల సంతృప్తి వ్యక్తం చేసింది.'

రెండుసార్లు చదివాను. అంత సేపు మాట్లాడింది మూడేళ్ల తర్వాత ఎవరైనా తీసి చూస్తే సంతృప్తి మాత్రం కనిపిస్తుంది. సెక్రటరీకి ఫోన్ చేశాను.

"బాబూ, నాలుగో అంశం మార్చాలి."

"ఎండీ సార్ చూసే పంపమన్నారు మేడమ్. ఎవరు ఏమడిగారో పేర్లతో రాయమంటారా?"

"పేర్లు అక్కర్లేదు. ఇన్వాయిస్ నంబర్లు రాయి, కస్టమర్ ఉత్తరం తేదీ రాయి, సెప్టెంబర్ అమ్మకాల్లోంచి తీసేయమని కమిటీ చెప్పిందని రాయి. ఆడిటర్లతో విడిగా మాట్లాడామన్నది కూడా."

కాసేపు మౌనం. అధ్యక్షుల వారిని ఒకసారి అడిగి చేస్తానన్నాడు. అడుగు, నేను కూడా ఆయనకు మెయిల్ పెడుతున్నాను అన్నాను. పెట్టాను. మిగతా ఇద్దరికీ కాపీ. కొనుగోళ్లాయన పది నిమిషాల్లో 'అంగీకారం' అని జవాబిచ్చారు. ప్రొఫెసర్ గారు సోలార్ యూనిట్ల లెక్క కూడా మినిట్స్‌లో చేర్చమన్నారు.

ఫిబ్రవరి సమావేశానికి ఇప్పుడే అడిగినవి: ఆ ప్యాలెట్లు గేటు దాటిన తేదీలు, ఈ-వే బిల్లులతో. అదే పార్టీకి డిసెంబర్‌లో, జనవరిలో ఇచ్చిన క్రెడిట్ నోట్లు. సరుకు వెనక్కి వస్తే ఏ నెలలో వచ్చిందో. ఆడిటర్లతో విడి సమావేశం చివర్లో కాదు, మొదట్లో, ఎండీ గారు రాకముందు.